పది బాత్‌లు తక్కువైన లక్షాధికారి

ఖోక్ సవాంగ్ ఊళ్లో ఇద్దరు లక్షాధికారులున్నారు. ఇద్దరూ ఒకేసారి కాదు. ఏప్రిల్ నడిమి నుంచి అక్టోబరు దాకా ఒకరు, నవంబరు నుంచి మళ్లీ ఏప్రిల్ నడిమి దాకా ఇంకొకరు. ఊరివాళ్లు ఈ ఏర్పాటుకు ఎప్పుడో అలవాటు పడిపోయారు. గుడి చందాకు వెళ్లేవాళ్లు క్యాలెండరు చూసుకుని మరీ తలుపు తడతారు. డిసెంబరులో ఎవరైనా పొరపాటున క్లెమ్ ఇంటికి వస్తే ఆయన విసుక్కోడు. వరండాలోంచి చెయ్యి చాచి, నాలుగిళ్ల అవతలున్న వొబ్బె ఇంటిని చూపిస్తాడు. జూన్‌లో వొబ్బె కూడా అంతే మర్యాదగా క్లెమ్ ఇంటిని చూపిస్తాడు.

ఈ ఘనత వాళ్లిద్దరిది కాదు, నిబంధనది. థాయిలాండ్‌లో ముసలితనం గడుపుకుందామని వచ్చే పరంగి దొరల విషయంలో ప్రభుత్వం వారు ఎంతో ముందుచూపుతో వ్యవహరించారు. అలాంటి పెద్దమనిషి ఏడాదికోసారి వీసా పొడిగించుకోవాలి. అడగబోయే రోజుకు రెండు నెలల ముందు నుంచీ ఆయన ఖాతాలో ఎనిమిది లక్షల బాత్‌లు కదలకుండా ఉండాలి. పొడిగింపు దొరికాక ఇంకో మూడు నెలలు కూడా అలాగే ఉండాలి. మిగతా ఏడాదంతా నాలుగు లక్షలకు తగ్గకూడదు. ఆ డబ్బు దేనికి? ఆయన తిండికీ, మందులకూ, ఉన్నట్టుండి వచ్చిపడే అవసరాలకూ. ఉన్నది ఒకటే షరతు: తిండికి గాని, మందులకు గాని, ఉన్నట్టుండి వచ్చిపడే అవసరాలకు గాని అందులోంచి పైసా తీయకూడదు.

దీనివల్ల జరిగిన మేలు ఇంతా అంతా కాదు. పక్క తాలూకాలో స్వీడన్ దేశపు పెద్దాయన ఒకడికి దవడ పన్ను నొప్పి పట్టుకుంది. పీకించడానికి ఎనిమిది వందలు అడిగారు. ఖాతాలో ఎనిమిది లక్షలున్నాయి గనుక ఆయన దగ్గర ఎనిమిది వందలు లేవు. పొడిగింపు దాకా రెండు నెలలు, ఆ తర్వాత మూడు నెలలు బుగ్గ పట్టుకుని కూర్చున్నాడు. అయిదో నెలలో పన్నే విసిగిపోయి దానంతటది ఊడి గిన్నెలో పడింది. ఎనిమిది వందలూ మిగిలాయి. చట్టం ఇంతకన్నా ఏం చేయగలదు?

క్లెమ్ ఓట్లీది ఇంగ్లండు. లంకషైరులో బస్సు డిపోలో ముప్పై ఆరేళ్లు టికెట్ ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. టికెట్ లేనివాణ్ణి బస్సు దింపడంలో ఆయనకు సాటి లేదంటారు. ఒకసారి సొంత తల్లిని దింపాడని ఆయనే గర్వంగా చెబుతాడు. రెండు స్టాపుల తర్వాత దింపాడు, అది వేరే సంగతి. దేశం వదిలి ఇక్కడ కాపురం పెట్టినవాడి పింఛనును అక్కడి ప్రభుత్వం వచ్చిన నాడు ఎంతుందో అక్కడే ఆపేస్తుంది. అందుచేత క్లెమ్‌కు డెబ్బై ఆరేళ్లు వచ్చినా ఆయన పింఛనుకు మాత్రం ఇంకా అరవై అయిదు దాటలేదు.

ఆయన లమ్‌దువాన్ ఇంట్లో ఉంటాడు. ఆవిడ మొదటి భర్త సర్కారు బడి పంతులు. ఆయన పోయాక ఆవిడకు పింఛను వస్తోంది. మళ్లీ పెళ్లి రిజిస్టరు చేయించుకుంటే అది ఆగిపోతుంది. క్లెమ్ ఆవిడను కాగితం మీద పెళ్లాడితే ఎనిమిది లక్షలు అక్కర్లేదు, నాలుగు చాలు. ఆయన నాలుగు లక్షలు మిగుల్చుకుంటే ఆవిడ పింఛను పోతుంది. ఆవిడ పింఛను నిలుపుకుంటే ఆయనకు ఇంకో నాలుగు లక్షలు కావాలి. రెండు శాఖలూ కూడబలుక్కోకుండానే ఇంత చక్కగా అల్లిన ఈ వలలో, వాళ్లిద్దరూ పదకొండేళ్లుగా కాగితం మీద ఒకరికొకరు ఏమీ కాకుండా, ఎంతో క్రమశిక్షణతో కాపురం చేస్తున్నారు. దీనికి ఇంకో అర్థం కూడా ఉంది. పొడిగింపు ఒక్కసారి తప్పిందంటే, క్లెమ్‌ను ఆ ఇంట్లో ఉంచమని అడగడానికి ఆవిడకు ఏ హక్కూ లేదు.

వొబ్బె హోక్‌స్ట్రా నెదర్లాండ్స్ వాడు. వెనకటికి అక్కడ కాలువ తలుపులు ఎత్తి దించే ఉద్యోగం చేశాడు. నీళ్లు ఎటు ఎంత పోవాలో అంతే పోనిచ్చి బతికిన మనిషి. ఆయన సాయ్‌బువా ఇంట్లో ఉంటాడు. సాయ్‌బువా మొదటి మొగుడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు గనుక అక్కడా పెళ్లికి వీలు లేదు. క్లెమ్, వొబ్బె ప్రాణస్నేహితులు. బీరు తాగితే చెరి సగం. ఇద్దరూ కలిసి గడ్డి కోసే యంత్రం కొన్నారు, గొడుగు కూడా కొన్నారు. వొబ్బె వాకిలి తన వాకిలి కన్నా పెద్దదని క్లెమ్‌కు అనుమానం వచ్చిన ఏడాది, రెండు వాకిళ్లూ టేపు పెట్టి కొలిచి, గడ్డి యంత్రం పెట్రోలును అడుగుల లెక్కన పంచుకున్నారు. ఆ తర్వాత ఒకరినొకరు కౌగిలించుకున్నారు కూడా.

ఇద్దరి దగ్గరా ఆరేసి లక్షలున్నాయి. ఎనిమిదికి ఇద్దరికీ రెండేసి తక్కువ. ఎనిమిదేళ్ల కిందట ఒక సాయంత్రం వాళ్లు కాగితం మీద లెక్క వేసి చూశారు. ఎవరి నాలుగు లక్షలు వాళ్ల ఖాతాలో ఏడాది పొడుగునా ఉండాలి. మిగిలిన రెండూ రెండూ నాలుగు. వొబ్బె పొడిగింపు జనవరి నడిమిలో, క్లెమ్‌ది జూన్ పంతొమ్మిదిన. ఆ ఉమ్మడి నాలుగు లక్షలు చలికాలం వొబ్బె ఖాతాలో, ఎండలూ వానలూ క్లెమ్ ఖాతాలో కాపురముంటే ఇద్దరూ చెరో ఆరు నెలలు గౌరవనీయులైన వృద్ధులవుతారు. అంతకన్నా ఎక్కువ గౌరవం ఈ వయసులో ఎవరికి మాత్రం కావాలి?

డబ్బు చేతులు మారే రోజు మెల్లమెల్లగా ఊరి ఉత్సవమైపోయింది. ఈ ఏడాది నీళ్ల పండుగకు బ్యాంకులన్నీ మూతపడి, ఏప్రిల్ పదహారున తెరిచాయి. పొద్దున్నే వొబ్బె నాలుగు కిలోమీటర్ల దూరాన ఉన్న బజారుకు వెళ్లి, తన బ్యాంకులోంచి క్లెమ్ బ్యాంకుకు డబ్బు పంపించి వచ్చాడు. లమ్‌దువాన్ వాకిట్లో చాపలు వేశారు. జిగురన్నం, కాల్చిన కోడి, దంచిన పచ్చి బొప్పాయి సిద్ధమయ్యాయి. ఊరిపెద్ద ఖామ్‌పన్ మైకు పట్టుకున్నాడు.

“ఈ నాలుగు లక్షలు మన ఊరివి కావు,” అని మొదలుపెట్టాడు ఆయన. “కాని మన ఊరి మీదుగా పోతున్నాయి. ఏరు మాత్రం మనదా? మన ఊరి మీదుగా పోతోంది గనక దానికి దణ్ణం పెడుతున్నాం. ఏటా రెండుసార్లు మన వీధిలో నాలుగు లక్షలు నడిచి వెళ్తాయి. ఏ ఊళ్లోనైనా ఇలాంటి రోడ్డు ఉందా అని అడుగుతున్నాను!”

చప్పట్లు మోగాయి. ఆ తర్వాత, ఊళ్లో అందరికీ నూలు కట్టే ఫెంగవ్వ తెల్ల నూలు తెచ్చింది. ప్రయాణం చేసి వచ్చినవాళ్ల మణికట్టుకు నూలు కట్టడం అక్కడ పద్ధతి. అలా కడితే లోపలి జీవం బెదిరి ఎటూ పోదు. మూడు రోజులు దాన్ని విప్పకూడదు. ప్రయాణం చేసి వచ్చింది డబ్బే గనుక ఫెంగవ్వ క్లెమ్ పాస్‌బుక్కుకు నిలువుగా ఏడు చుట్లు, అడ్డంగా ఏడు చుట్లు చుట్టి ముడి వేసింది. అలా ముడేసిన పాస్‌బుక్కును ఏ లెక్కా తప్పించుకుపోలేదు. ఎవరూ చూడనూ లేరు.

మూడు రోజులు గడిచాయి. పంతొమ్మిదో తారీకు పొద్దున క్లెమ్ ముడి విప్పి, బ్యాంకుకు వెళ్లి పాస్‌బుక్కు యంత్రంలో పెట్టాడు. యంత్రం కిర్రుమని ఒక్క వరుస అచ్చు కొట్టి ఉమ్మేసింది. క్లెమ్ కళ్లజోడు తుడుచుకుని చదివాడు. మళ్లీ తుడుచుకున్నాడు. వచ్చింది మూడు లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై. ఆయన తన ఖాతాలో నాలుగు లక్షలకు ఒక్క బాత్ ఎక్కువ ఉంచేవాడు కాదు. ఉంచితే అది కూడా ముట్టకూడనిదైపోతుందని భయం. కాబట్టి మొత్తం ఎనిమిది లక్షలకు పది బాత్‌లు తక్కువ.

జూన్ పంతొమ్మిదికి రెండు నెలలు నిండాలంటే ఎనిమిది లక్షలు ఆ రోజే నిండాలి. బ్యాంకు మధ్యాహ్నం మూడున్నరకు మూస్తారు. పది బాత్‌లంటే బడి ముందర ఐస్‌పుల్ల ఖరీదు. క్లెమ్ జేబులో రెండు వందలున్నాయి. డబ్బు కట్టే కిటికీ ఎదురుగానే ఉంది. కిటికీ ముందు ఎవరూ లేరు కూడా. ఆలోచన లేని మనిషైతే అక్కడికక్కడే పది కట్టేసి ఇంటికి పోయి కాఫీ తాగేవాడు. క్లెమ్ మోటారు సైకిలెక్కి నేరుగా వొబ్బె ఇంటికి వెళ్లాడు.

వొబ్బె గడ్డి యంత్రానికి నూనె పెడుతున్నాడు.

“ఒరేయ్ వొబ్బె, పది తక్కువ పంపావు.”

“తక్కువ కాదు, సరిగ్గానే పంపాను. వేరే బ్యాంకు కదా, ఇరవై ఖర్చు పట్టుకున్నారు. నా సగం నేను కట్టాను. నీ సగం పంపిన దాంట్లో తీసుకోమన్నాను. నీదీ పదే, నాదీ పదే.”

“మన ఒప్పందం నాలుగు లక్షలు. నాలుగు లక్షలకు పది తక్కువ అని కాదు.”

“ఒప్పందం చెరి సగం అని.”

“గత నవంబరులో నేను నీకు పంపినప్పుడు ఆ ఇరవై ఎవడు పెట్టుకున్నాడు?”

“నువ్వే పెట్టుకున్నావు. నేను పెట్టుకోమన్నానా? అడిగితే పది ఇచ్చేవాణ్ణి.”

“అడగటానికి నేనేం ముష్టివాణ్ణా?”

“అయితే ఇప్పుడెందుకొచ్చావు?”

సాయ్‌బువా వంటింట్లోంచి తొంగిచూసింది. “అయ్యా, పదే కదయ్యా! నేనిస్తా,” అని చీర కొంగుకు బదులు నడుముకు కట్టుకున్న సంచి విప్పబోయింది.

“నువ్వూరుకో!” అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఆ రోజు ఇద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

“నీ ఖాతా, నీ వీసా,” అన్నాడు వొబ్బె. “నువ్వే వేసుకో.”

“వెయ్యను. వేస్తే తప్పు నాదని ఒప్పుకున్నట్టు. బస్సులో ఒక్క పెన్నీ తక్కువైనా నేను ఎవడికీ నా జేబులోంచి వేసి టికెట్ కొట్టలేదు.”

“అయితే దిగిపో.”

ఈ మాట వొబ్బె బస్సు గురించే అన్నాడు. కాని క్లెమ్‌కు అది దేశం గురించి అన్నట్టు వినిపించింది. మోటారు సైకిలు తిప్పుకుని వెళ్లిపోయాడు.

అరగంటలో సంగతి ఊరంతా తెలిసింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. సాయ్‌బువా బొప్పాయి కొట్టు దగ్గర లమ్‌దువాన్ చెవిలో చెప్పింది, అంతే.

“అక్కా, ఇద్దరూ మొండికేశారు. ఏం చేద్దాం?”

“చేసేదేముంది? నేను బజారుకు పోయి పది వేసి వస్తా. ఆయనకు తెలియనివ్వకు. తెలిస్తే తల కొట్టేసినట్టుంటుంది పాపం.”

“మా ఆయనకూ తెలియకూడదు. నువ్వు వేశావంటే తనే గెలిచానని వారం రోజులు ఈల వేస్తాడు.”

“నీ నోట్లో మాట నీ నోట్లోనే ఉంచుకో.”

“నేనెవరికి చెప్తానక్కా?” అంది సాయ్‌బువా. కొట్టు దగ్గర అప్పటికి పన్నెండు మంది నిలబడి బొప్పాయి తింటున్నారు. పన్నెండు మందీ తలలు ఊపారు.

ఇలాంటి సమయంలో ఊరిపెద్ద చేతులు కట్టుకుని కూర్చోలేడు. పదకొండు గంటలకు స్తంభాల మీది మైకులు గొంతు సవరించుకున్నాయి.

“గ్రామ ప్రజలకు మనవి. మన క్లెమ్ మామగారి ఖాతాలో పది బాత్‌లు తక్కువైన విషయం ఎవరికీ తెలియదు. తెలిసినా తెలియనట్టే ఉండవలసిందిగా కోరుతున్నాను. ఆయన పెద్ద మనిషి. పౌరుషం గల మనిషి. కనుక దయచేసి ఎవరూ ఆయన ఖాతాలో డబ్బు వెయ్యవద్దు. ఎవరైనా పొరపాటున వేసే ప్రమాదం ఉంది గనుక ఖాతా నంబరు చెబుతున్నాను, రాసుకోండి. ఈ నంబరులో వెయ్యకూడదు.” నంబరు రెండుసార్లు చదివాడు. “బ్యాంకు మూడున్నరకు మూస్తారు. ఆలోగా ఎవరూ వెళ్లవద్దు. వెళ్లకూడదనుకునేవాళ్లకు గుడి ముందు నుంచి పన్నెండింటికి నా పికప్ బండి బయలుదేరుతుంది.”

క్లెమ్ వరండాలో కూర్చుని ఇదంతా విన్నాడు. మైకు మాటల్లో మూడో వంతు కూడా ఆయనకు అర్థమయ్యేవి కావు. తన పేరు మాత్రం వినిపించింది. గౌరవంగానే అంటున్నారనుకుని తలాడించాడు.

ఆయన సిద్ధాంతం మధ్యాహ్నం రెండున్నర దాకా బలంగానే నిలబడింది. అప్పుడు లమ్‌దువాన్ అటక మీది నుంచి ఆయన పాత సూట్‌కేసు దింపింది. తడిగుడ్డతో తుడిచింది. వాకిట్లో ఎండలో మూత తెరిచి పెట్టింది.

“అదేమిటి?” అన్నాడు క్లెమ్.

“బూజు వాసన వస్తోంది. ఎండ తగలనీ.”

“పదకొండేళ్లుగా రాని వాసన ఇవాళ వచ్చిందా?”

“జూన్‌లో కావాలి కదా. నీకు చలి కోటు ఉందా? అక్కడ చలట కదా? చెప్పు, కొని పెడతా.”

“నువ్వు నన్ను ఎగతాళి చేస్తున్నావా?”

“ఎగతాళి ఎందుకు? నీకు సిద్ధాంతం ఉంది. నాకు సూట్‌కేసు ఉంది.” ఆవిడ సూట్‌కేసులోంచి ఒక ఎండిన బల్లిని తీసి బయట పారేసి, లోపలికి వెళ్లి టీవీ పెట్టుకుంది. పొద్దున పదిన్నరకే తను పది బాత్‌లు కట్టి వచ్చిన సంగతి ఆవిడ మొహంలో ఎక్కడా లేదు.

క్లెమ్ ఆ తెరిచిన సూట్‌కేసును చాలాసేపు చూశాడు. అందులో పట్టేవి ఏమిటా అని ఆలోచించాడు. నాలుగు చొక్కాలు, రెండు లుంగీలు, కళ్లజోడు. వరండా పట్టదు. టీవీ ముందు కూర్చున్న మనిషి పట్టదు. ఆయన లేచి, పాస్‌బుక్కు ఇంట్లోనే వదిలేసి, ఉమ్మడి గొడుగు అడ్డం పెట్టుకుని, మోటారు సైకిలు చప్పుడు కాకుండా మలుపు దాకా తోసుకుంటూ పోయాడు. మూడుంపావుకు పది బాత్‌లు కట్టాడు. కౌంటరు అమ్మాయి ఆయన రాసిన నంబరు చూడకుండానే కొట్టేసింది. అప్పటికి ఆ నంబరు ఆమెకు కంఠతా వచ్చేసింది. క్లెమ్ అది గమనించలేదు. ఇంటికి వచ్చి, సిద్ధాంతం చెక్కుచెదరని మనిషిలా కాఫీ అడిగాడు.

రెండు నెలలూ క్లెమ్, వొబ్బె మాట్లాడుకోలేదు. గడ్డి యంత్రాన్ని కంచె మీదుగా మాటల్లేకుండా అందించుకున్నారు.

జూన్ పంతొమ్మిదిన క్లెమ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, లమ్‌దువాన్‌ను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లాడు. పొడిగింపు అడిగే రోజు తారీకు పాస్‌బుక్కులో పడాలి. యంత్రంలో పెట్టాడు. యంత్రం కిర్రుమంది. ఒక వరుస, రెండు వరుసలు, పది వరుసలు. పేజీ తిప్పమంది. మళ్లీ కిర్రుమంది. క్లెమ్ యంత్రం పాడైందనుకుని కౌంటరు అమ్మాయి వైపు చూశాడు. ఆమె తలుపు వైపు చూస్తోంది. యంత్రం ఆగేసరికి ఏప్రిల్ పంతొమ్మిది కింద నలభై మూడు వరుసలున్నాయి. ప్రతి వరుసలోనూ పది బాత్‌లు. మొత్తం ఎనిమిది లక్షల నాలుగు వందల ఇరవై.

“ఇదేమిటి?” అన్నాడు క్లెమ్.

“నాకేం తెలుసు?” అంది లమ్‌దువాన్. ఆవిడకు ఒక వరుస సంగతి తెలుసు. తక్కిన నలభై రెండు చూసి ఆవిడ కూడా నోరు తెరిచింది.

జిల్లా కేంద్రంలో ఇమ్మిగ్రేషన్ ఆఫీసు కౌంటరు వెనక కెప్టెన్ దువాంగ్‌రత్ కూర్చుని ఉంది. ఆవిడ పాస్‌బుక్కును ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు చదివింది. ఆ తర్వాత చేతులు కట్టుకుంది.

“ఏం అమ్ముతున్నారు?”

“ఏమీ అమ్మట్లేదండీ.”

“పెద్దాయనా, ఒకే రోజు, నలభై మూడు మంది, తలా పది. మా అమ్మ బడి ముందర ఐస్‌పుల్లలమ్మి నన్ను చదివించింది. సాయంత్రం డబ్బా బోర్లిస్తే అచ్చం ఇలాగే ఉండేది. నా దగ్గరా మీ నాటకం?”

“వాళ్లెవరో నాకు తెలియదండీ.”

“ఎవరో తెలియని నలభై మూడు మంది, ఏమీ కొనకుండా, మీకు డబ్బు కట్టారు.”

“ఒకటి నేనే కట్టానండీ,” అన్నాడు క్లెమ్ నేల చూపులు చూస్తూ. లమ్‌దువాన్ ఆయన వైపు తిరిగి చూసింది. చేతి సంచిని కాస్త గట్టిగా పట్టుకుంది.

కెప్టెన్ లేచి నిలబడింది. వరుసలో ఉన్న తక్కిన ముసలివాళ్లకు కూడా వినబడేలా చెప్పింది. “ఈ దేశం వృద్ధులను నెత్తిన పెట్టుకుంటుంది. కాని విశ్రాంతి తీసుకుంటానని రాసిచ్చి వచ్చిన మనిషి విశ్రాంతే తీసుకోవాలి. చాటుమాటుగా కష్టపడటం చట్టరీత్యా నేరం. మీరు వ్యాపారం చెయ్యలేదని రుజువు చెయ్యండి. ఆ కట్టినవాళ్లంతా గుర్తింపు కార్డు నకళ్లతో వచ్చి ఎందుకు కట్టారో చెప్పాలి. ఇవాళ నాలుగున్నరలోగా. రేపు మీకు వీసా ఉండదు.”

లమ్‌దువాన్ బయటికి వెళ్లి ఫోన్ చేసింది. ఖోక్ సవాంగ్‌లో మైకులు గొంతు సవరించుకున్నాయి. “రెండు నెలల కిందట డబ్బు కట్టనివాళ్లందరూ వెంటనే బయలుదేరాలి,” అన్నాడు ఊరిపెద్ద. “కార్డు మరిచిపోవద్దు.”

రెండున్నరకు మూడు పికప్ బండ్లు ఆఫీసు ముందు ఆగాయి. జిగురన్నం బుట్టలతో సహా దిగారు జనం. కార్డుల నకలు తీసే కొట్టువాడు ఆ రోజు సంపాదించినంత మొత్తం ఏడాదిలో సంపాదించలేదని ఇప్పటికీ చెబుతాడు. కెప్టెన్ బ్యాంకు నుంచి తెప్పించిన జాబితా పట్టుకుని ఒక్కొక్కరినే పిలిచింది.

“మీరెందుకు కట్టారు?”

“ఈయన పోతే ఆదివారం పేకాటలో ఎవరు ఓడిపోతారమ్మా?” అన్నాడు ఒకడు.

“నా పంది ఈనినప్పుడు రాత్రంతా దీపం పట్టుకున్నాడు,” అన్నాడు ఇంకొకడు. “భయపడి పంది కన్నా ఎక్కువ అరిచాడనుకో. అయినా పట్టుకున్నాడు.”

“మైకులో కట్టొద్దన్నారు కదా, అందుకని కట్టాను,” అంది ఒక పిల్లల తల్లి.

ఫెంగవ్వ కౌంటరు మీదికి వంగింది. “నూలు కట్టింది నేనే తల్లీ. లెక్క తక్కువైందంటే నా ముడి వదులైందని ఊళ్లో అనరూ? ఇన్నేళ్ల పేరు పోదూ?”

ఊరిపెద్ద తన వంతు వచ్చినప్పుడు, ఎవరూ కట్టకుండా చూడటానికే బ్యాంకుకు వెళ్లాననీ, అక్కడ ఖాళీగా నిలబడటం మర్యాద కాదని కట్టాననీ వివరించాడు. లమ్‌దువాన్ పేరు రాగానే క్లెమ్ ఆవిడ వైపు చూశాడు.

“పదిన్నరకా?” అన్నాడు.

“ఊఁ.”

“మరి ఆ సూట్‌కేసు?”

“బూజు వాసన అని చెప్పాను కదా.”

జాబితాలో చివరి వరుస, మూడు గంటల ఇరవై నిమిషాలు. కెప్టెన్ కూడబలుక్కుంటూ చదివింది. “హోక్‌స్ట్రా వొబ్బె.”

జనం వెనక నుంచి, అందరికన్నా జానెడు పొడుగున్నా కనబడకుండా ఉండటానికి మోకాళ్లు వంచి నిలబడ్డ వొబ్బె ముందుకు వచ్చాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

“మీరెందుకు కట్టారు?”

“మూడుంపావుకు వీడు బ్యాంకులోంచి బయటికి రావడం చూశానండీ. గొడుగు అడ్డం పెట్టుకున్నాడు గాని, ఆ గొడుగులో సగం నాదే, గుర్తుపట్టనా? వాడి పది వాడు కట్టాడు. నా పది నేను కట్టొద్దా?”

“నువ్వు నన్ను చూశావా?” అన్నాడు క్లెమ్. “చూసి కూడా రెండు నెలలు మాట్లాడలేదా?”

“నువ్వు చెప్తావేమోనని చూశాను.”

“నువ్వు చెప్పొచ్చు కదరా!”

“నేనెందుకు చెప్తాను? ఒప్పుకున్నట్టు అవుతుంది.”

“కౌంటరు దగ్గర కొట్లాడకూడదు,” అంది కెప్టెన్. సంతకాలు తీసుకుంది. నలభై రెండు వాంగ్మూలాలు, నలభై రెండు నకళ్లు, క్లెమ్‌ది ఒకటి. మొత్తం కట్ట మూరెడు ఎత్తయింది. దాన్ని తాడుతో కట్టి పక్కన పెట్టి, నాలుగూ ఇరవైకి పాస్‌పోర్టు తెరిచి ముద్ర పట్టుకుంది.

అప్పుడు ఆవిడ చూపు పాస్‌బుక్కులో ఆ నలభై మూడు వరుసలకు పైన ఉన్న వరుస మీద పడింది. మూడు లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై. ఏప్రిల్ పదహారున వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు పంపారు, ఎందుకు పంపారు, మళ్లీ ఎటు పోతుంది, ఎవరూ చెప్పలేదు. ఆవిడ వేలు దాని మీద ఆగింది. క్లెమ్ కళ్లు మూసుకున్నాడు. వొబ్బె మళ్లీ మోకాళ్లు వంచాడు. ఊరిపెద్ద దగ్గు ఆపుకున్నాడు. నలభై ముగ్గురిలో ఒక్కరూ ఊపిరి పీల్చలేదు.

“ఇది సరే,” అంది కెప్టెన్ ఎంతో మర్యాదగా. “పెద్ద మొత్తం. దీని సంగతి అడగక్కర్లేదు.” ముద్ర కొట్టి, లేచి, క్లెమ్‌కు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టింది.

పది బాత్‌లకు మూరెడు సాక్ష్యం, నాలుగు లక్షలకు ఒక నమస్కారం. ఇక్కడి పద్ధతి ఇది. చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది. మీ వైపు ఆఫీసుల్లో పది రూపాయలవాణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి పంపేస్తారట, లక్షలవాణ్ణే నిలబెట్టి ఎక్కడివని అడుగుతారట. చదువుకున్నవారు, మీరే చెప్పాలి.